మ్యాప్‌లో చుక్క ఆగిందని కంగారుపడి డబ్బు పంపకండి

ప్రశ్న: మేమిద్దరం మెల్‌బోర్న్‌లో ఉంటాం. జులైలో క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుని అడిలైడ్ మీదుగా, ఆస్ట్రేలియా నడిమధ్య ఎడారిలోని ఉలూరు దాకా వెళ్తున్నాం. రాత్రిళ్లు దారిలోనే క్యాంపింగ్. హైదరాబాద్‌లో అమ్మానాన్నలకు లైవ్ లొకేషన్ పెడతామని మాటిచ్చాం. ఫోన్‌లో శాటిలైట్ ఎస్‌ఓఎస్ (సిగ్నల్ లేకున్నా ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం) ఉంది. స్పేర్‌గా ఇండియా నుంచి తెచ్చిన పాత ఫోన్ ఉంది. ఇవి చాలా? ఇంకేదైనా యాప్ వేసుకోవాలా?

జవాబు: ఇవి చాలవు, అలాగని కొత్త యాప్ కూడా అక్కర్లేదు. ఆస్ట్రేలియా నుంచి ఇదే ప్రశ్న ఊళ్ల పేర్లు మారి మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పోర్ట్ అగస్టా దాటి స్టువర్ట్ హైవే ఎక్కాక సిగ్నల్ చాలావరకు ఊళ్లు, రోడ్‌హౌస్‌ల (దారిపక్క పెట్రోలు, భోజనం దొరికే చోట్ల) దగ్గరే. అక్కణ్నుంచి కూబర్ పీడీ సుమారు 540 కిలోమీటర్లు. మధ్యలో గ్లెన్‌డాంబో దాటితే 250 కిలోమీటర్ల దాకా పెట్రోలు బంకు కూడా ఉండదు. ఆ దారిలో మీ లైవ్ లొకేషన్ గంటల తరబడి కదలదు. నెట్‌వర్క్ పోయిన క్షణమే ఆ చుక్క రంగు మారి, ‘ఫలానా సమయం తర్వాత సమాచారం లేదు’ అని పెద్ద అక్షరాల్లో కనిపించాలి. చాలా యాప్‌లు ఆ మాటను కళ్లజోడు పెట్టుకున్నా కనపడనంత చిన్నగా ఓ మూల వేస్తాయి. సిగ్నల్ టవర్ల మధ్య కూర్చుని తయారుచేసినవాళ్లకు సిగ్నల్ లేని దారి గుర్తురాకపోవడం నిర్లక్ష్యమే.

నాకు అన్నిటికంటే భయం, సరిగ్గా ఆ గంటల్లో హైదరాబాద్ ఇంటికి రాగల ఫోన్ గురించి. ‘మీ అబ్బాయికి యాక్సిడెంట్ అయింది, ఆపరేషన్‌కు వెంటనే డబ్బు కట్టాలి’ అంటారు. వెనక మీ గొంతులాంటి ఏడుపు వినిపిస్తుంది. మీరు పెట్టిన వీడియోల్లోంచి గొంతును నకలు చేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. అమ్మ మీకు ఫోన్ చేస్తే కలవదు. మ్యాప్ తెరిస్తే చుక్క ఎడారి మధ్య ఆగి ఉంటుంది. మోసగాడి అబద్ధానికి మీ యాప్ సాక్ష్యం పలికినట్టే. మీరెప్పుడు బయల్దేరారో, ఎటు వెళ్తున్నారో వాడికి ఎలా తెలుస్తుంది? బయల్దేరే ముందు అందరికీ కనిపించేలా మీరే పెట్టిన ఫొటోలే చెబుతాయి. మెల్‌బోర్న్‌లో ఇల్లు ఖాళీగా ఉందన్న సంగతీ అవే చెబుతాయి. కాబట్టి ఫొటోలు తిరిగొచ్చాక పెట్టండి. లొకేషన్‌ను యాభైమంది ఉన్న బంధువుల గ్రూపులో కాకుండా అమ్మానాన్నలకే పంపండి.

ఒక కాగితం మీద పోర్ట్ అగస్టా, కూబర్ పీడీ, మార్లా, ఎర్ల్‌డండా, యులారా అని రాసి, ఏ రోజు ఏ ఊరి నుంచి ఫోన్ చేస్తారో పక్కనే రాసివ్వండి. మధ్యలో ఫోన్ కలవకపోవడం మామూలేనని ముందే చెప్పండి. ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక రహస్య మాట పెట్టుకోండి. అది చెప్పకుండా ఎవరు డబ్బడిగినా ఫోన్ పెట్టేయమనండి. ఆస్ట్రేలియాలోనే ఉన్న ఒక స్నేహితుడి నంబరు నాన్నగారికివ్వండి, ముందు అతన్నే అడుగుతారు. డబ్బు పోయిందని తెలిస్తే అమ్మానాన్నలు ఆలస్యం చేయకుండా ఇండియాలోని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక ఎస్‌ఓఎస్. ఫోన్‌లోని శాటిలైట్ సదుపాయం మంచిదే, కానీ దాన్నే నమ్ముకుని వెళ్లడం నాకు నచ్చదు. తెర పగిలినా, చలిరాత్రి బ్యాటరీ పడిపోయినా అది లేనట్టే. జులైలో ఆలిస్ స్ప్రింగ్స్ దగ్గర రాత్రిళ్లు సున్నా డిగ్రీలకు దిగుతుంటాయి. పర్సనల్ లొకేటర్ బీకన్ తీసుకోండి, ఆపదలో ఉన్నామని, ఎక్కడున్నామో చెప్పే చిన్న పరికరం అది. 406 మెగాహెర్ట్జ్‌లో నేరుగా ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది, నెలవారీ చందా లేదు, ఒకసారి ఆన్ చేస్తే కనీసం 24 గంటలు పనిచేస్తుంది. ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర రిజిస్టర్ చేయడం ఉచితం, తప్పనిసరి కూడా. అద్దెకు తెచ్చుకుంటే అది ఎవరి పేరున నమోదై ఉందో, మీ ప్రయాణ వివరాలు ఎవరి దగ్గరుంటాయో అడగండి. బీకన్ మోగితే అధికారులు ముందు నమోదైన నంబర్లకు ఫోన్ చేస్తారు, అందుకే అక్కడ మీ స్నేహితుడి నంబరు ఉండాలి.

పాత ఫోన్ సంగతి: ఆస్ట్రేలియాలో 3జీ 2024లో మూతపడింది. 4జీ మీద అక్కడి అత్యవసర నంబరు 000కు కాల్ చేయలేని ఫోన్లను అక్కడి నెట్‌వర్క్‌లు బ్లాక్ చేస్తున్నాయి. ఇండియాలో కొన్న ఫోన్లలో కొన్ని ఇందులో పడతాయి. మీది పనికొస్తుందో లేదో బయల్దేరే ముందే మీ నెట్‌వర్క్ వాళ్లను అడిగి తేల్చుకోండి.

ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి, కానీ అది చూపించిన అడ్డదారుల్లోకి దిగొద్దు. 2024 ఫిబ్రవరిలో ఇద్దరు జర్మన్ పర్యాటకులు మ్యాప్ చెప్పిందని ఆస్ట్రేలియా ఈశాన్య కొసనున్న కేప్ యార్క్‌లో పాత మట్టిదారి పట్టి, కారు బురదలో కూరుకుపోయి, వారానికి పైగా కష్టపడి నడిచి బయటపడ్డారు. మీ వ్యాన్ ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. వెతికేవాళ్లకు మనిషికంటే వ్యాన్ తొందరగా కనిపిస్తుంది.

వ్యాన్‌లో ఫ్రిజ్, బ్యాటరీ యాప్‌తో నడిచేవైతే అడిలైడ్‌లోనే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేసి చూడండి. లాగిన్ అడిగి మొరాయిస్తే, మీటతో నడిచే వ్యాన్ ఇమ్మని అక్కడే గట్టిగా అడగండి.