యాక్టివ్ డైరెక్టరీలో వందలాది ఖాతాల పాస్‌వర్డ్‌లను ఒకేసారి మార్చడం ఎలా?

సంస్థలోని లాగిన్ ఖాతాలన్నిటినీ ఒకేచోట నిర్వహించే విండోస్ సర్వర్ యాక్టివ్ డైరెక్టరీలో ఒక విభాగంలోని ఖాతాలన్నిటికీ పాస్‌వర్డ్ మార్చవలసివస్తే, ఒక్కొక్క పేరునూ విడిగా తెరవనవసరం లేదు. ఆదేశాలు టైప్ చేసి విండోస్‌ను నడిపించే పవర్‌షెల్‌లో యాక్టివ్ డైరెక్టరీ మాడ్యూల్ (దానికి సంబంధించిన ఆదేశాల సముదాయం) ఉంటే చాలు. లాగిన్ పేరు, తాత్కాలిక పాస్‌వర్డ్ అనే రెండు కాలమ్‌లతో సీఎస్‌వీ ఫైలు (విలువలను కామాలతో వేరుచేసిన పట్టిక) తయారుచేసి, దాన్ని 'ఇంపోర్ట్-సీఎస్‌వీ'తో చదివించి, ప్రతి పాస్‌వర్డ్‌నూ 'కన్వర్ట్‌టు-సెక్యూర్‌స్ట్రింగ్'తో రక్షిత రూపంలోకి మార్చి, 'సెట్-ఏడీఅకౌంట్‌పాస్‌వర్డ్' ఆదేశాన్ని 'రీసెట్' ఎంపికతో నడిపితే, పాత పాస్‌వర్డ్ తెలియకపోయినా కొత్తది అమలవుతుంది. ముందుగా 'వాట్‌ఇఫ్' జోడించి నడిపితే, ఏమీ మారకుండానే ఏయే ఖాతాలు మారబోతున్నాయో తెరమీద కనిపిస్తుంది. ఈ మెట్టును దయచేసి దాటవేయకండి.

తరువాత 'సెట్-ఏడీయూజర్'తో 'ఛేంజ్‌పాస్‌వర్డ్‌ఎట్‌లాగాన్' విలువను 'ట్రూ' చేస్తే, ఉద్యోగి మొదటిసారి లాగిన్ అయినప్పుడే తన సొంత పాస్‌వర్డ్ పెట్టుకోవలసివస్తుంది. అయితే 'పాస్‌వర్డ్ నెవర్ ఎక్స్‌పైర్స్' గుర్తు ఉన్న ఖాతాలకు ఇది వర్తించదు, ముందు ఆ గుర్తు తీసివేయాలి.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇవ్వడం సులువే కానీ, పక్క ఉద్యోగి ఖాతాలోకి ఎవరైనా ప్రవేశించగలరు కనుక అది ఎంతమాత్రం తగదు. బ్యాకప్, డేటాబేస్ వంటి సర్వీసులు వాడే ఖాతాలను జాబితా నుంచి తప్పించండి. వాటి పాస్‌వర్డ్ మారితే తరువాత రీస్టార్ట్ చేసినప్పుడు ఆ సర్వీసులు మొదలుకావు. ఖాతాలు అపహరణకు గురయ్యాయన్న అనుమానంతో మారుస్తున్నట్లయితే, అప్పటికే జారీ అయిన కెర్బెరోస్ టికెట్ (లాగిన్ అయినవారికి సర్వర్ ఇచ్చే ప్రవేశ అనుమతి) డిఫాల్టుగా 10 గంటలు చెల్లుతుంది కాబట్టి, తెరిచి ఉన్న సెషన్లను కూడా ముగించాలి. పని పూర్తికాగానే, పాస్‌వర్డ్‌లు బాహాటంగా ఉన్న ఆ సీఎస్‌వీ ఫైలును తొలగించండి.