చదవని వాక్యం

తమ్ముడూ,

కెమెరా ముందు ధైర్యంగా మాట్లాడటం ఎలా అని అడిగావు. గొంతు పెంచడం నెల తిరక్కుండానే వచ్చేస్తుంది, దానికి నేనక్కర్లేదు. ఆగడం నేర్చుకోడానికే నాకు పదేళ్లు పట్టింది.

1963 నవంబర్ 22న డాలస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనడీ మీద కాల్పులు జరిగాయన్న కబురు వచ్చేసరికి అక్కడి టీవీ సంస్థ సీబీఎస్ స్టూడియో కెమెరా సిద్ధంగా లేదు. అప్పటి కెమెరాలు వేడెక్కితే గానీ పనిచేసేవి కావు. అందుకని మొదట వార్తలు చదివే వాల్టర్ క్రాంకైట్ గొంతు మాత్రమే వినిపించింది. ఆయన తెర మీదికి వచ్చాక ‘పోయారట’ అన్న మాట ఒకదాని వెనక ఒకటి అందుతూనే ఉంది, సొంత విలేఖరి నుంచి కూడా. ఆయన దాచలేదు. ఎవరంటున్నారో చెప్పారు, ఇంకా అధికారికం కాదనీ చెప్పారు. మరణాన్ని ఖాయం చేసే ఫ్లాష్, అంటే వార్తాసంస్థ పంపే అత్యవసర కబురు, చేతికి అందాకే చదివి, కళ్లద్దాలు తీసి, గడియారం వైపు చూసి, 38 నిమిషాల క్రితం అన్నారు. లోకానికి ఆ కళ్లద్దాలు గుర్తుండిపోయాయి. నువ్వు మాత్రం అంతకుముందరి నిమిషాలు చూడు.

నేనలా ఆగలేకపోయాను. ఓ రాత్రి లైవ్‌లో ఉండగా, ఒక పెద్దాయన పోయారని టాక్‌బ్యాక్‌లో, అదే కంట్రోల్ రూమ్ వాళ్లు చెవిలో మాట్లాడే దాంట్లో, చెప్పారు. పక్క చానల్ వేసేసిందట. చదివేశాను, గొంతులో తగినంత విషాదం కూడా నింపుకుని. పావుగంటకి ఆయన కూతురు ఫోన్ చేసింది. “నాన్న నా పక్కనే కూర్చుని మీ వార్తలు చూస్తున్నారండీ” అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్క్రోలింగ్ గుట్టుగా తీసేశారు. తప్పు చెప్పామని నేనే చదువుతానని పట్టుబట్టాల్సింది. నోరు రాలేదు. పెద్ద పెద్ద నాయకుల్ని నిలదీసిన నోరే అది!

పెద్దవాళ్లను ఎదిరించడం గురించీ రాశావు. 1954 మార్చి 9న సీబీఎస్ విలేఖరి ఎడ్వర్డ్ మర్రో, ఎందరిమీదో కమ్యూనిస్టు ముద్ర వేస్తున్న అమెరికా సెనేటర్ మెకార్తీ మీద చేసిన కార్యక్రమంలో చాలాభాగం మెకార్తీ మాటలే, ఆయన బొమ్మలే. ఆ కార్యక్రమం గురించి పత్రికలో ప్రకటనకు సంస్థ డబ్బివ్వకపోతే మర్రో, ఆయన నిర్మాత ఫ్రెడ్ ఫ్రెండ్లీ సొంత జేబులోంచి పెట్టుకున్నారు. నాకు అంతకన్నా నచ్చింది ఆ తర్వాత జరిగింది. జవాబు చెప్పుకోమని మెకార్తీకి అదే కార్యక్రమంలో చోటిచ్చారు. ఏప్రిల్ 6న ఆయన మర్రోనే దుమ్మెత్తిపోశాడు, అదీ ప్రసారమైంది. ఈ రోజుల్లో ప్యానెల్‌కి పిలిచి మైకు కట్ చేయడాన్ని ధైర్యమంటున్నారు, ఏం చెప్పను.

సోమవారం నీ మొదటి బులెటిన్. ‘వేసెయ్’ అని చెవిలో వినిపిస్తే, బ్రేక్‌లో ‘ఎవరు చెప్పారు?’ అని అడుగు. పేరు చెప్పకపోతే ఆ వాక్యం వదిలేయ్. విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఆ పెద్దాయన మరో ఆరేళ్లు బతికారు. నిజంగా పోయిన రోజున కూడా బులెటిన్ నాదే. ఆ కూతురికి ఫోన్ చేసి, ఆవిడ అవునన్నాకే చదివాను. అప్పటికి మిగతా చానళ్లన్నీ చెప్పేశాయి.

ఇట్లు,
మీ అక్క