సబ్బు తగిలి నీలంగా మారిన వైన్ మరక

ప్రశ్న: మా మరిదిగారి ఇంట్లో విందుకు వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్నవారి చేతిలోని రెడ్ వైన్ గ్లాసు ఒలికి నా గద్వాల చీర మీద పడింది. అది మా అమ్మ పెట్టిన గంధం రంగు చీర. చీరంతా నూలు, అంచులూ కొంగూ జరీ పట్టు. కంగారులో కుళాయి కింద పెట్టి బట్టల సబ్బుతో రుద్దాను. ఎర్రటి మరక చూస్తూ ఉండగానే బూడిద కలిసిన నీలంగా మారిపోయింది. అరచేతి వెడల్పున్న ఆ మచ్చ అంచుకు రెండంగుళాల దూరంలోనే ఉంది. చీర రంగు పాడైపోయిందా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మారింది మరక రంగే. అంతమాత్రాన చీర రంగు పోయిందని అనుకోకండి. నేరేడు పండ్లకు ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్లే ద్రాక్ష తొక్కలోనుంచి రెడ్ వైన్‌లోకి దిగుతాయి. ఇవి పులుపు తగిలితే ఎర్రగానూ, క్షారం తగిలితే నీలంగానూ కనిపిస్తాయి. వైన్ పుల్లనిది, బట్టల సబ్బు క్షార గుణం కలది కనుక మరక రంగు తిరిగింది. సున్నం కలిపితే పసుపు ఎర్రబడి పారాణి కావడం మనం ఇంట్లో చూసేదే, ఇదీ ఆ కోవలోని మార్పే.

ముందుగా చీరను చల్లటి నీళ్ళలో జాడించి సబ్బును పూర్తిగా వదిలించండి. తర్వాత ఒక కప్పు చల్లటి నీళ్ళలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, ఆ నీళ్ళను లోపలి చెంగు మీద ఒక చోట అద్ది, రంగు దిగడం లేదని చూసుకోండి. మచ్చ కింద నాలుగు మడతలు వేసిన తెల్లటి పాత పంచె ముక్కను పరిచి, వెనిగర్ నీళ్ళలో ముంచి పిండిన దూదిని పైనుంచి అద్దండి. దూది తగిలిన చోటల్లా నీలం మళ్ళీ గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆ గులాబీ కొద్దికొద్దిగా కింది గుడ్డలోకి దిగుతుంది. మచ్చ చుట్టూ మొదలుపెట్టి మధ్యకు రండి, కింది గుడ్డను జరుపుతూ ఉండండి. ఎంత తొందరగా ఉన్నా రుద్దవద్దు, రుద్దితే మరక పక్కకు పాకుతుంది, నూలు నూగు లేస్తుంది. చివరగా పట్టుబట్టలకు వాడే మెత్తని ద్రవ సబ్బుతో ఉతికి జాడించండి.

అప్పటికీ ఛాయ మిగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు. మన మందుల షాపుల్లో సాధారణంగా దొరికేది 6 శాతం ద్రావణం, దానికి సమానంగా నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. అయితే ఇది మరక రంగుతో పాటు అద్దకపు రంగును కూడా విరిచేయగలదు కనుక, దీన్నీ లోపలి చెంగు మీద పది నిమిషాలు ఉంచి చూడకుండా మచ్చ మీద వేయకండి. పరీక్షలో గంధం రంగు వెలిస్తే అక్కడితో ఆపేయండి. అమ్మ పెట్టిన చీర మీద లేత ఛాయ ఉండటం కంటే తెల్లటి మచ్చ పడటమే ఎక్కువ బాధ పెడుతుందని నేను అనుకుంటున్నాను.

నూలునూ పట్టునూ కలిపి నేసే గద్వాల చీరకు ఒక భాగానికి పనికొచ్చిన వైద్యం మరో భాగానికి పనికిరాదు. అందుకే పెరాక్సైడ్ వాడేముందు అంచును ప్లాస్టిక్ కవరులో చుట్టి క్లిప్పులు పెట్టండి, జరీకి చుక్క కూడా తగలకూడదు. పట్టు మన వెంట్రుకలాగే ప్రోటీన్. వక్క నమిలినప్పుడు నాలుకను పట్టేసే వగరుకు కారణమైన టానిన్లు వైన్‌లోనూ ఉంటాయి, అవి ప్రోటీన్‌ను గట్టిగా పట్టుకుంటాయి. మరక అంచు వరకు పాకి ఉంటే ఇంట్లో ప్రయత్నించకుండా, ఏం పడిందో, ఏమేం పూశారో చెప్పి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. క్లోరిన్ బ్లీచ్ పట్టును తినేస్తుంది, పైగా వెనిగర్‌తో కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి దాని జోలికే వెళ్ళకండి. మరక పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టవద్దు.

ప్రశ్న: తెల్లటి నూలు టేబుల్ క్లాత్ మీద రెడ్ వైన్ పడగానే ఉప్పు చల్లి, తర్వాత వాషింగ్ మెషీన్‌లో ఉతికి, డ్రయ్యర్‌లో ఆరబెట్టాను. గోధుమ రంగు మచ్చ మిగిలిపోయింది. – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఉప్పు తడిని పీలుస్తుందే తప్ప మరకను విరచదు. డ్రయ్యర్ వేడికి మిగిలిన రంగు నూలుకు పట్టేసింది. మీది తెల్లటి నూలు గుడ్డ కావడం అదృష్టం. సోడియం పెర్‌కార్బనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచ్ పొడిని, డబ్బా మీద చెప్పిన మోతాదులో వేడి నీళ్ళలో కరిగించి, గుడ్డను రాత్రంతా నానబెట్టండి. నీళ్ళలో ఆ పొడినుంచి హైడ్రోజన్ పెరాక్సైడే విడుదలై రంగును విరుస్తుంది. ఒక్కసారికి పోకపోతే మర్నాడు కొత్త నీళ్ళు కలిపి మళ్ళీ నానబెట్టండి. తడి గుడ్డను కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, మచ్చ ఏమాత్రం కనిపించడం లేదని చూసుకున్నాకే డ్రయ్యర్‌లో వేయండి.