స్వరం వణకనివ్వకు

తమ్ముడూ,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ కొత్త కథా ఒకే కవర్లో అందాయి. కథ రెండుసార్లు చదివాను. "ఇది నువ్వు రాసినట్టు లేదంటున్నారు అక్కా, చించేయనా?" అని అడిగావు. చించకు. ఎందుకో చెప్పాలంటే నీకు మైల్స్ డేవిస్ గురించి చెప్పాలి.

ఆయన అమెరికా జాజ్ సంగీతకారుడు, వాద్యం ట్రంపెట్. మన పెళ్లి ఊరేగింపు బ్యాండులో మోగేదే. 1959లో రెండే రోజుల రికార్డింగుతో 'కైండ్ ఆఫ్ బ్లూ' అనే రికార్డు చేశాడు. జాజ్ అంటే చెవి కోసుకునేవాళ్ల ఇళ్లలో ఈరోజుకీ ఆ రికార్డు ఉంటుంది. అప్పటికి ఆయనకు 33 ఏళ్లు కూడా నిండలేదు. మిగతా జీవితమంతా అదే వాయించుకుంటూ గౌరవంగా బతికేయవచ్చు. పదేళ్లు తిరిగేసరికి ఆయన చుట్టూ ఎలక్ట్రిక్ పియానోలు, ఎలక్ట్రిక్ గిటార్. జాజ్ పెద్దలు చాలామంది మండిపడ్డారు. డబ్బుకు అమ్ముడుపోయాడన్నారు.

కుర్రకారంతా రాక్ వైపు వెళ్లిపోతున్నారని ఆయనకు తెలుసు. జేమ్స్ బ్రౌన్‌నీ స్లై స్టోన్‌నీ జిమీ హెండ్రిక్స్‌నీ చెవులు రిక్కించి విన్నాడు. డబ్బు లెక్క అసలు వేసుకోలేదని నేననను. కానీ ఒట్టి లెక్క కోసమే చేసేవాడు 27 నిమిషాల పాట చేయడు. 1970లో వచ్చిన 'బిచెస్ బ్రూ'లో ఆ పేరుతోనే ఉన్న పాట నిడివి అంత. పల్లవి లేదు, పాడే గొంతు లేదు, రేడియోలో వేసుకోవడానికి వీలే లేదు.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది అంతకు ముందు సంగతి. 1969 ఫిబ్రవరి 18, న్యూయార్క్. పియానో వాయించే జో జావినుల్ రాసుకొచ్చిన ఒక పాట స్టూడియోలో నడుస్తోంది. దాన్నిండా కార్డ్‌లు, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేవి, ఒకదాని మీద ఒకటి. మైల్స్‌కి నచ్చలేదు, దాదాపు అన్నీ తీసేయించాడు. ఇంగ్లండు నుంచి కొద్ది రోజుల కిందటే దిగిన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్ పట్టుకుని బెరుగ్గా కూర్చున్నాడు. మైల్స్ అతనివైపు తిరిగి, గిటార్ రానివాడిలా వాయించమన్నాడు. ఎంతో సాధన చేసి వచ్చిన కుర్రాడికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో ఊహించు. అతను ఒక్క కార్డ్ పట్టుకుని, తడుముకుంటూ, ఆ రాగాన్ని మెల్లగా పలికించాడు. కింద ఒకే స్వరం తంబూరా శ్రుతిలా నిలబడి ఉంటుంది. గిటార్ తర్వాత వేన్ షార్టర్ సాక్సఫోన్, ఆ తర్వాతే ట్రంపెట్. 'ఇన్ ఎ సైలెంట్ వే' అలా పుట్టింది.

పని అక్కడితో అయిపోలేదు. నిర్మాత టియో మాసెరో టేపు ముందు కూర్చున్నాడు. ఆ మొదటి నాలుగు నిమిషాలకు నకలు తీసి, చివర మళ్లీ అతికించాడు. మధ్యలో పదకొండు నిమిషాలకు పైగా గట్టి తాళం నడుస్తుంది. అది విన్నాక అవే స్వరాలు తిరిగి వస్తాయి. ఒక్క స్వరమూ మారలేదు, వినే మనం మారిపోయి ఉంటాం. 'బిచెస్ బ్రూ'లోని మొదటి పాటలోనైతే ఇలాంటి కోతలూ అతుకులూ ఇరవైకి దగ్గరగా ఉన్నాయి. కొత్తదనం ఊపులో వస్తుందంటారు. ఊపు స్టూడియోలో వచ్చింది, పాట కత్తెర దగ్గర తయారైంది.

ఇంత మార్చినవాడు ఒకటి మాత్రం మార్చలేదు. చిన్నప్పుడు ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పాఠం చెప్పిన ఎల్‌వుడ్ బుకానన్ స్వరం వణకనివ్వొద్దని పట్టుబట్టేవాడు. ఆ నిటారు స్వరం 1959లో ఎలా ఉందో పదేళ్ల తర్వాత ఆ కరెంటు వాద్యాల మధ్య కూడా అలాగే ఉంది. రెండు రికార్డులూ ఒకదాని వెంట ఒకటి విను, మనిషిని ఇట్టే పోల్చుకుంటావు.

మన దగ్గరా ఉంది ఇలాంటిది. ఆ స్టూడియో రోజుకు సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 28న, పాలకొల్లులో మాండలిన్ శ్రీనివాస్ పుట్టాడు. మామూలు మాండలిన్‌లో నాదం నిలవదు, గమకం పలకదు. అందుకే ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. కచేరీకి ఈ కరెంటు వాద్యమేమిటని నొసలు చిట్లించినవాళ్లున్నారు. ఆయన వాయించింది త్యాగరాజ కీర్తనలే. పెద్దయ్యాక 'రిమెంబర్ శక్తి' బృందంలో అదే మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నా సంగతీ చెప్తాను. నా రెండో కథల పుస్తకానికి మంచి పేరొచ్చాక, ఒక పత్రికవాళ్లు "అలాంటిదే ఇంకోటి రాయండి" అన్నారు. రాశాను. పదకొండేళ్లు అలాంటివే రాశాను. ఊళ్లు మార్చాను, పేర్లు మార్చాను, కథ అదే. ఆ ఏళ్లలో నాకు తోచి, భయపడి రాయకుండా వదిలేసినవి ఇప్పుడు గుర్తు కూడా రావు. నీకు అలా జరగకూడదు.

ఇక నీ కథ. కాలవగట్టు వదిలి రాత్రి షిఫ్టు పిల్లను పట్టుకున్నావు, చాలా బాగుంది. కానీ భయపడ్డావు. కొత్తదనం చూపించాలని మూడో పేజీ నుంచి ఆరో పేజీ దాకా ఇంగ్లీషు మాటలు గుప్పించావు, వాక్యాలు విరగ్గొట్టావు. జావినుల్ పాటలోని కార్డ్‌లలాంటివి అవి. తీసెయ్. ఆ పిల్ల క్యాబ్ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంటివాళ్లు లేవకుండా మెట్లెక్కే చోటు ఉంది చూడు, అక్కడ నీ పాత గొంతు వినిపించింది. కాలవగట్టు కథల్లో పడవ కట్టే ముసలాయన్ని చూసిన కళ్లతోనే ఈ పిల్లనీ చూశావు. దాన్ని కథ మొదటికి తెచ్చుకో. చివర మళ్లీ ఒక్క మాటా మార్చకుండా పెట్టి చూడు, నిలుస్తుందో లేదో.

దసరా లోపల పంపు. ఫెయిర్ కాపీ వద్దు, కొట్టివేతలతోనే పంపు, ఏం తీశావో నేను చూడాలి.

ఇట్లు,
అక్క