నాలో ఇంకెవరైనా ఉన్నారా మేడమ్?

ప్రశ్న: మేడమ్ నమస్తే, నాకు 16 నిండాయి, ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటున్నా. పేరు వెయ్యకండి ప్లీజ్, గుంటూరు జిల్లా అని వేస్తే చాలు. ఇది ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నా అందుకే మీకు రాస్తున్నా. పోయిన దసరా సెలవులయ్యి హాస్టల్‌కి తిరిగొచ్చాక మొదలైంది, నైట్ స్టడీ అవర్లో రాసుకుంటుంటే సడన్‌గా పెన్ను పట్టుకున్న చెయ్యి నాది కాదేమో అనిపించింది, కదుపుతున్నది నేనే అని తెలుసు కానీ వేరే ఎవరి చెయ్యో చూస్తున్నట్టు అనిపించింది. చెరువులో మునిగినప్పుడు గట్టు మీదోళ్ళ మాటలు వినపడతాయే, సార్ మాటలు అట్లా వినపడ్డాయి. మొదట్లో పది నిమిషాలుండి పోయేది, ఇప్పుడు ఒక్కోసారి రెండ్రోజులు ఉంటుంది. ఫ్రెండ్స్ మొహాలు టీవీలో చూస్తున్నట్టు అనిపిస్తాయి, అద్దంలో చూసుకుంటే ఎవరీ అమ్మాయి అనిపిస్తుంది.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ ఫోన్లో వెతికితే డీఐడీ అని రీల్స్ వచ్చాయి, ఒకే మనిషిలో చాలామంది ఉంటారంట, వాళ్ళని ఆల్టర్స్ అంటారంట. నేను నైన్త్ నుంచి డైరీలో ఇద్దరి పేర్లతో రాస్తా, మధు అంటే ఎవర్నైనా ఎదురు మాట్లాడేది, చిన్ని అంటే ఊరికే ఏడ్చేది. కోపమొచ్చినప్పుడు మధు మాట్లాడుతున్నట్టు అనిపిస్తుంది, ఏమన్నానో తర్వాత అంతా గుర్తుంటుంది కానీ నేను అనలేదు అనిపిస్తుంది. ఒక్కసారి మాత్రం రాత్రి ఒంటిగంటకి ఫ్రెండ్‌కి మెసేజ్ పెట్టానంట, పొద్దున చూస్తే పెట్టినట్టే గుర్తులేదు, చాలా భయమేసింది. 28 ప్రశ్నల టెస్ట్ ఒకటి చేస్తే 41 వచ్చింది, 30 దాటితే డీఐడీ అని అక్కడ రాసుంది. ఇంకోటి, చిన్నప్పుడు ఏదో ఘోరం జరిగితేనే ఇది వస్తుందంట కదా, నాకేం గుర్తులేదు, అంటే జరిగింది మర్చిపోయానా? రోజూ పడుకునే ముందు కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకోవాలని ట్రై చేస్తున్నా.

అమ్మకి చెప్తే అమ్మమ్మ గాలి సోకిందని ఒకాయన దగ్గరకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. నాన్న చదువు ఎగ్గొట్టడానికి నాటకాలు అంటున్నాడు. పరీక్షలు దగ్గరకొచ్చేశాయి. ఒక్కోసారి ఇదంతా ఎందుకు అనిపిస్తుంది. నాకు పిచ్చెక్కుతుందా మేడమ్? ఇది డీఐడీయేనా?

జవాబు: పిచ్చి కాదు తల్లీ. మిగతాదంతా తర్వాత, ముందు ఈ మాట చెప్పెయ్యాలి, ఎందుకంటే నువ్వు ఉత్తరం చివర అడిగినా అసలు భయం అదే అని తెలుస్తూనే ఉంది. నీ ఉత్తరం మళ్ళీ ఒకసారి చదువుకో, ప్రతి రెండు లైన్లకి ఒక "అనిపిస్తుంది" ఉంది. చెయ్యి నాది కాదేమో అనిపించింది, కానీ కదుపుతున్నది నేనే అని తెలుసు అన్నావు. మేం డాక్టర్లం చూసేది సరిగ్గా అదే. చెయ్యి నిజంగానే ఇంకొకరిది, రాత్రి ఎవరో వచ్చి మార్చేశారు అని గట్టిగా నమ్మితే అది వేరే జబ్బు, వేరే దారి. అనిపించేదానికీ ఉన్నదానికీ తేడా నీకు తెలుస్తూనే ఉంది, కాకపోతే ఆ అనిపించడం ఆగట్లేదు.

దీన్ని డిసోసియేషన్ అంటాం. పేరు పెద్దదే గానీ చిన్న మోతాదులో ఇది అందరికీ ఉండేదే. బస్సులో కూర్చుని ఏదో ఆలోచనలో పడి దిగాల్సిన స్టాప్ దాటిపోవడం, రెండు పేజీలు చదివేసి ఏం చదివానో అని మళ్ళీ వెనక్కి తిప్పడం, ఇవన్నీ దాని చిన్న తమ్ముళ్ళే. నీకొస్తున్నది కొంచెం ముదురు రకం, నా ఒళ్ళు నాది కానట్టు ఉండటాన్ని డీపర్సనలైజేషన్ అంటారు, చుట్టూ ఉన్నవి టీవీలోలా, కలలోలా ఉండటాన్ని డీరియలైజేషన్ అంటారు, రెండూ జంటగా వస్తుంటాయి. జబ్బు స్థాయికి వెళ్ళినవాళ్ళలో సగటున మొదలయ్యే వయసు 16 అని అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలోనే రాసుంది, అంటే నీ వయసే. జబ్బు దాకా పోకుండా ఒకటి రెండుసార్లు వచ్చి పోయినవాళ్ళు చాలా ఎక్కువమంది, బయటికి చెప్పరంతే, చెప్తే ఏమనుకుంటారో అని.

ఎందుకొస్తుంది అంటే, మన ఇళ్ళల్లో వోల్టేజి ఎక్కువైతే స్టెబిలైజర్ టక్కున కట్ చేస్తుందే, ఇంచుమించు అలాంటిదే. భయం, ఒత్తిడి, నిద్రలేమి ఒక హద్దు దాటాక మెదడు ఫీలింగ్స్‌కి కరెంటు తగ్గించేస్తుంది, అప్పుడు మనుషులు కనపడతారు కానీ దగ్గరగా అనిపించరు, మాట వినపడుతుంది కానీ తగలదు. నువ్వు ఎన్ని గంటలకి లేస్తావో రాయలేదు గానీ హాస్టళ్ళ సంగతి నాకు తెలుసు, తెల్లారకముందే లేపి రాత్రి పదకొండు దాకా కూర్చోబెడతారు, నీ వయసుకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, అందులో సగం దొరికితే గొప్ప (ఆ టైమ్‌టేబుళ్ళు వేసే పెద్దమనుషుల్ని వారం రోజులు అదే టైమ్‌టేబుల్లో పెట్టి చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక, సరే). పానిక్ ఎటాక్స్ ఉన్నా, మైగ్రేన్ ఉన్నా, గంజాయి తాగినా ఇలా రావచ్చు, కొన్ని రకాల ఫిట్స్‌లో కూడా వస్తుంది, కొట్టుకోకుండా ఊరికే కొన్ని క్షణాలు శూన్యంలోకి చూస్తూ ఉండిపోయే ఫిట్స్ ఉంటాయి. అందుకే డాక్టర్ ఈఈజీ తీయిద్దాం అంటే కంగారు పడకు, తలకి వైర్లు అంటించి రీడింగ్ తీస్తారు, నొప్పేం ఉండదు.

ఒకటి మాత్రం నువ్వే తెలియకుండా పెంచుకుంటున్నావు. ఇప్పుడు నేను నేనేనా, ఇప్పుడు మామూలుగా ఉందా అని గంటకోసారి చెక్ చేసుకోవడం, అద్దం ముందు నిలబడి చూసుకోవడం. ఊడిపోబోతున్న పన్నుని నాలుకతో కదుపుతూనే ఉంటామే, అట్లా. అద్దంలో తమ మొహాన్నే అదేపనిగా రెండు మూడు నిమిషాలు చూస్తే చాలామందికి అది కొత్తగా, వింతగా అనిపిస్తుంది, నీ ఒక్కదానికే కాదు.

ఇక డీఐడీ, అంటే డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్. 1994 దాకా దాన్ని మల్టిపుల్ పర్సనాలిటీ అనేవాళ్ళు, తర్వాత పేరు మార్చారు. ఒక మనిషిలో చాలామంది దూరి ఉన్నారని కాదు, ఒక్క "నేను" అతుక్కోవాల్సిన చోట అతుక్కోకుండా ముక్కలుగా ఉండిపోయింది అని ఇప్పుడు ఎక్కువగా అనుకునేది. చిన్నపిల్లలకి పుట్టుకతో ఒకే గట్టి "నేను" ఉండదు, ఏళ్ళ తరబడి మెల్లగా కుదురుకుంటుంది, ఆ వయసులో తప్పించుకోలేని హింస మళ్ళీ మళ్ళీ జరిగితే కుదురుకోదు అని ఎక్కువమంది నిపుణుల మాట. కాదు, సినిమాలు, వైద్యుల సూచనలు కూడా దీన్ని తయారుచేస్తాయి అనేవాళ్ళూ ఉన్నారు, ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరి మాట నిజమైనా, డీఐడీ అనాలంటే రెండు ఉండాలి. వేర్వేరు మనుషుల్లా నడుచుకునే స్థితులు ఉండాలి, దాంతోపాటు మామూలు మతిమరుపుకి అందని ఖాళీలు జ్ఞాపకంలో ఉండాలి. సినిమాల్లో జుట్టు విరబోసుకుని గొంతు మార్చి అరుస్తారు గానీ నిజంగా ఉన్నవాళ్ళు ఎక్కువగా దాచుకుంటారు, చాలామందికి అది ఫలానా అని తేలేసరికే ఏళ్ళు పడుతుంది.

నీ సంగతికొస్తే, మధు ఏం మాట్లాడిందో నీకు అంతా గుర్తుంటుందని నువ్వే రాశావు. ఆ వాక్యం నాకు చాలా ముఖ్యం, ఎందుకంటే అక్కడ జ్ఞాపకంలో ఖాళీ లేదు. ఎదురు మాట్లాడలేని పిల్ల డైరీలో మధు అని ఒకదాన్ని పెట్టుకుని దానిచేత మాట్లాడించుకుంది, ఏడిస్తే తిడతారని చిన్నికి ఏడ్చే పని అప్పజెప్పింది, నైన్త్ క్లాసు బుర్రకి ఇది మంచి తెలివే. కానీ రీల్స్ చూసి ఇప్పుడు వాళ్ళకి వేరే పుట్టినరోజులు, వేరే ఇష్టాలు, ఎవరెప్పుడు బయటికొచ్చారో లెక్కలు మొదలుపెడితే నీకూ వాళ్ళకీ మధ్య గీత ఇంకా లోతవుతుంది, అది మాత్రం వద్దు. డైరీ రాసుకో, కోపమొస్తే "నాకు కోపమొచ్చింది" అని రాయి, కొన్నాళ్ళు ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఆ ఒంటిగంట మెసేజ్ సగం నిద్రలో పెట్టింది అయ్యుండొచ్చు, అలాంటివి పొద్దునకి గుర్తుండవు. అదొక్కటే అయితే నేను దానికి పెద్ద విలువ ఇవ్వను. కానీ ఇలాంటివి మళ్ళీ మళ్ళీ జరిగితే, ఎలా వచ్చానో తెలియకుండా ఏదో చోట తేలితే, పుస్తకంలో నువ్వు రాయని రాత కనిపిస్తే, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఏమైందో అసలు తెలియకపోతే, అవి తప్పకుండా డాక్టర్‌కి చెప్పాల్సినవి, చిన్నవి అనుకుని వదిలెయ్యకు. ఇవి లేవు అని ఉత్తరం చదివి నేను తేల్చలేను, ఉన్నాయి అని ఆ టెస్టూ తేల్చలేదు.

టెస్ట్ అంటే గుర్తొచ్చింది. ఆ 28 ప్రశ్నల స్కేలు 1986లో వచ్చింది, పెద్దవాళ్ళ కోసం చేసింది, మీ వయసు వాళ్ళకి 30 ప్రశ్నలతో వేరేది ఉంది. 30 దాటితే డీఐడీ అని కాదు దాని అర్థం, ఈ మనిషిని కూర్చోబెట్టి ఇంకా అడగండి అని. థర్మామీటర్ 102 చూపిస్తే జ్వరం ఉందని తెలుస్తుంది, అది టైఫాయిడో డెంగ్యూనో థర్మామీటర్ చెప్తుందా?

ఇప్పుడు కొంచెం గట్టిగా చెప్తున్నా, రాత్రిళ్ళు కళ్ళు మూసుకుని చిన్నప్పుడు ఏం జరిగిందో తవ్వడం ఈరోజు నుంచే ఆపెయ్. గుర్తులేకపోవడం ఏదో జరిగిందనడానికి రుజువు కాదు. నిద్రమత్తులో, భయంతో, ఏదో ఉండే ఉంటుంది అనుకుంటూ వెతికితే మెదడు ఏదో ఒకటి అల్లి ఇస్తుంది, పదిసార్లు ఊహించుకున్నది పదకొండోసారికి జ్ఞాపకంలా అనిపిస్తుంది. వెతక్కుండానే గుర్తున్నది ఏదైనా ఉంటే, ఎవరైనా తాకకూడని చోట తాకడం, కొట్టడం, ఇప్పటికీ జరుగుతున్నది ఏదైనా, అది వేరే సంగతి, నమ్మకమున్న పెద్దవాళ్ళకి చెప్పు, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్. లైంగికంగా జరిగినదైతే నీకు 18 నిండలేదు కాబట్టి పోక్సో చట్టం ప్రకారం డాక్టర్ కూడా దాన్ని పోలీసులకి తెలియజెయ్యాలి, ఇది నీకు ముందే తెలిసుండాలని చెప్తున్నా.

"ఒక్కోసారి ఇదంతా ఎందుకు అనిపిస్తుంది" అని ఒక్క లైన్ రాసి ముందుకెళ్ళిపోయావు, నేను అక్కడే ఆగిపోయా. చదువు ఎందుకు అనా, బతకడం ఎందుకు అనా? రెండోదైతే వచ్చే సెలవుల దాకా ఆగొద్దు, ఈరోజే వార్డెన్‌కో అమ్మకో చెప్పు, 14416కి ఫోన్ చెయ్, అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అక్కర్లేదు. ఫోన్ లేకపోతే వార్డెన్ ఫోన్ అడుగు, కారణం చెప్పాల్సిన పనిలేదు.

అమ్మమ్మతో గొడవ పడకు. నా ఓపీకొచ్చే వాళ్ళల్లో సగంమంది చేతికి తాయెత్తు ఉంటుంది, తీసెయ్యమని ఎప్పుడూ అనలేదు. మన దగ్గర పూనకం కొత్తేమీ కాదు, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో రంగం రోజు ఒకావిడ పూనకంతో పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తారు, దానికి ఒక రోజుంది, మొదలుంది, ముగింపుంది, చుట్టూ ఉన్నవాళ్ళంతా దండం పెడతారు. అలా సమాజం ఒప్పుకున్న ఆచారాన్ని జబ్బుగా లెక్కెయ్యకూడదని డాక్టర్ల పుస్తకాల్లో కూడా ఉంది. మన దేశంలో డీఐడీ కంటే దయ్యం పట్టినట్టు ఊగడం, మాట పడిపోవడం, స్పృహ తప్పడం లాంటి రూపాల్లోనే డిసోసియేషన్ ఎక్కువగా మా దాకా వస్తుంది. కాబట్టి అమ్మమ్మ చూసినదానికి తన భాషలో ఒక పేరు పెట్టింది, రీల్స్ ఇంకో భాషలో ఇంకో పేరు పెట్టాయి. తాయెత్తు ఉంటే ఉండనీ. మిరపకాయల పొగ పెట్టడం, వేపమండలతో కొట్టడం, తిండి మాన్పించడం దాకా వస్తే మాత్రం ఒప్పుకోకు, అమ్మని అడ్డం పడమను.

నాన్న నాటకం అన్నాడని బాధపడ్డావు. బయటికి ఏమీ కనపడని దాన్ని ఆయనెలా నమ్ముతాడు చెప్పు. డీఐడీ అనే మాట ఇంట్లో అసలు వాడకు, డాక్టర్ దగ్గర కూడా ముందే వాడకు. "దసరా నుంచి నా చేతులు నావి కానట్టు ఉంటున్నాయి, రెండ్రోజులు పోవట్లేదు, పాఠం ఎక్కట్లేదు, నిద్ర చాలట్లేదు, నాకు భయంగా ఉంది, డాక్టర్‌కి చూపించండి" అని ఇంతే చెప్పు. పేరు పెట్టే పని డాక్టర్‌ది, ఏం జరుగుతుందో చెప్పే పని నీది. గుంటూరు జీజీహెచ్‌లో, అంటే ప్రభుత్వాసుపత్రిలో, సైకియాట్రీ ఓపీ ఉంది, మైనర్‌వి కాబట్టి అమ్మ తోడు రావాలి, కానీ కాసేపు ఒక్కదాన్నే మాట్లాడతానని అడగొచ్చు, సిగ్గుపడకు. డిసోసియేషన్‌కని ప్రత్యేకంగా ఒక మాత్ర లేదు, కూర్చోబెట్టి మాట్లాడే థెరపీయే అసలు వైద్యం, ఆందోళన, డిప్రెషన్ కూడా ఉంటే వాటికి మందులిస్తారు.

అది వచ్చినప్పుడు దాంతో కుస్తీ పట్టకు. చెప్పులు విప్పి పాదాలు నేలకి గట్టిగా ఆనించు, మొహం మీద చన్నీళ్ళు చల్లుకో, ఉసిరికాయ ముక్కకి ఉప్పద్ది నోట్లో వేసుకో, ఆ పులుపుకి ఒళ్ళు జలదరిస్తుంది చూడు, ఆ క్షణం ఒళ్ళు నీదే. చదివేది పైకి చదువు. రాత్రి టీ, కాఫీ మానెయ్. ఆ రీల్స్ కూడా.

ఈలోపు రెండు వారాలు ఒక కాగితం మీద రాయి, ఏ రోజు ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపుంది, ముందురోజు ఎన్ని గంటలు పడుకున్నావు, తిన్నావా లేదా, పీరియడ్స్ టైమా, ఆరోజు స్లిప్ టెస్ట్ ఉందా. ఏదైనా మర్చిపోయినట్టు అనిపిస్తే అది కూడా. ఓపీలో డాక్టర్ నీకిచ్చేది పది పదిహేను నిమిషాలే, ఆ కాగితం చేతికిస్తే సగం పని అయిపోతుంది. ఫిజిక్స్ రఫ్ నోట్సు వెనక రాసినా పర్లేదు.