కొట్టేసిన వాక్యం గురించి

తెనాలి,
ఆదివారం

చి. కీర్తనకు అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు పేజీల ఫొటోలూ చదివాను. "అత్తయ్యా, ఇది అసైన్‌మెంట్‌లా లేదు, ఏడుపులా ఉంది, శుక్రవారం ఇవ్వాలి, ఒకటే టెన్షన్" అన్నావు. నాకు నవ్వొచ్చింది. నువ్వు రాస్తున్న పుస్తకం మనిషి, యూదు కుర్రవాడు ఎలీ వీజెల్, 1945 ఏప్రిల్‌లో జర్మనీలోని నాజీల నిర్బంధ క్యాంపు బుకెన్‌వాల్డ్ నుంచి బయటపడ్డాడు. యూరప్ యూదుల యిడ్డిష్ భాషలో ఆ కథ అచ్చయింది 1956లో, అదీ ఎక్కడో అర్జెంటీనాలో. బాగా కుదించుకుని 1958లో ఫ్రెంచిలో వచ్చింది, దాని ఇంగ్లీషు రూపమే నువ్వు చదివిన 'నైట్'. ఆయనకు పదేళ్ళకు పైగా పట్టింది, నీకు శుక్రవారానికి తెమలాలి! సరే, మీ కాలేజీలో ఆ మాట చెల్లదు కదా. ఉన్న నాలుగైదు రోజుల్లో ఏం చేయొచ్చో చెబుతాను.

మొదటి పేజీ మొత్తం తీసెయ్. "హృదయం ద్రవించింది, కన్నీళ్ళు ఆగలేదు, మానవత్వం మంటగలిసింది" ఇవి అబద్ధాలని అనను. కానీ పెళ్ళి పందిట్లోకి అద్దెకు తెచ్చే కుర్చీల్లాంటి మాటలివి, రేపు ఇంకో పందిట్లోనూ ఇవే వేస్తారు. నువ్వు ఏడ్చిన సంగతి మీ మేడమ్‌కు అక్కర్లేదు. ఏ పేజీ దగ్గర పుస్తకం మూసి పక్కన పెట్టావు? ఏ పేజీ చదవకుండా తిప్పేశావు? అక్కడి నుంచి మొదలుపెట్టు.

ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్న సంగతి. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో డిగ్రీ పిల్లలకు ఇలాంటి ఆత్మకథే ఇచ్చి, చదివి ఏమనిపించిందో రాయమన్నాను. ఒకబ్బాయి "మొదటి నలభై పేజీలు నాకేమీ అనిపించలేదు. ఏమీ అనిపించడం లేదేమిటా అని భయం వేసింది" అని పేజీన్నర రాశాడు. వాడికి ఇరవైకి ఎనిమిది వేశాను. గైడులోంచి కన్నీళ్ళు దింపిన అమ్మాయికి పదహారు. ఆ క్లాసులో పుస్తకాన్ని నిజంగా చదివింది వాడొక్కడేనని నాకు తెలిసొచ్చేసరికి వాడెక్కడున్నాడో కూడా తెలియకుండా పోయింది.

రెండో పేజీలో నీ కోపం ఉంది. దాన్ని ఉంచు. "మోషే వచ్చి మొత్తుకుంటే వీళ్ళెందుకు నమ్మలేదు, ఎందుకు పారిపోలేదు, చదువుతుంటే చిరాకేసింది" అన్నావు. బాగుంది. కానీ చిరాకు దగ్గరే ఆగిపోయావు. ఒక మ్యాపు తీసి ముందు పెట్టుకో. వీజెల్, మోషే ఉండే సిగెత్ ఊరు ఇప్పుడు రొమేనియాలో, ఉక్రెయిన్ సరిహద్దు దగ్గర ఉంది. అప్పుడు హంగరీ చేతిలో ఉండేది. 1941లో హంగరీ ప్రభుత్వం తన పౌరులు కాదన్న యూదులను సరిహద్దు అవతలికి తోలేసింది. వాళ్ళలో వేలమందిని ఆ ఆగస్టులోనే ఇప్పటి ఉక్రెయిన్‌లోని కామెనెత్స్ పొదిల్‌స్కీ దగ్గర, అక్కడి యూదులతో కలిపి జర్మన్ దళాలు కాల్చి చంపాయి. మూడు రోజుల్లో 23,600 మంది. ఈ లెక్క చంపినవాళ్ళు పైకి పంపిన రిపోర్టులోదే. మోషే అలాంటి ఊచకోతలోంచి కాలికి దెబ్బ తగిలి తప్పించుకొచ్చిన మనిషి. ఊరి వాళ్ళకు పిచ్చివాడిలా కనిపించాడు. తర్వాత చాలాకాలం ఊళ్ళో పెళ్ళిళ్ళు, వ్యాపారాలు మామూలుగానే సాగాయి. 1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగరీలోకి దిగింది. రష్యన్లు వచ్చేస్తున్నారు, యుద్ధం ఇక అయిపోవచ్చినట్లే అని ఊళ్ళో అనుకుంటున్న రోజులవి. మే 15న రైళ్ళు మొదలయ్యాయి. జూలై 9 లోపల హంగరీ నుంచి నాలుగు లక్షల మందికి పైగా యూదులను ఎక్కించి పంపేశారు, దాదాపు అందరినీ పోలండ్‌లో నాజీలు నడిపిన చావుల క్యాంపు ఆష్విట్జ్‌కే.

ఈ తేదీలన్నీ వరసగా ఒక కాగితం మీద రాసుకుని, తర్వాత నీ చిరాకు దగ్గరికి మళ్ళీ వెళ్ళు. అది ఎవరి మీదో నీకే అనుమానం వస్తుంది. "నేనైతే నమ్మేదాన్ని" అని మాత్రం రాయకు. మీ నాన్న ఛాతీలో మంటగా ఉందంటే గ్యాసేలే అని వాము నీళ్ళు కాచి ఇచ్చిన ఇల్లు మనది.

నాజీలు చంపిన యూదులు "60 లక్షల మంది" అని మూడు చోట్ల రాశావు. ఒకసారి చాలు. అంత పెద్ద అంకె ఎవరి బుర్రలోనూ పట్టదు, నా బుర్రలోనూ పట్టలేదు. దాని బదులు వీజెల్ చెల్లెలు త్సిపోరా దగ్గర కాసేపు నిలబడు. ఏడేళ్ళ పిల్ల, నున్నగా దువ్విన జుట్టు, చేతి మీద ఎర్ర కోటు. ఇల్లు వదిలి వెళుతూ, బరువు మోస్తూ ఏడవకుండా నడిచిన పిల్ల. ఆష్విట్జ్‌లో దిగగానే తల్లితో పాటు చావు వైపు పంపేశారు, అంతే. పుస్తకంలో ఆ పిల్లకు దొరికింది కొద్ది వాక్యాలే. అంత తక్కువ ఎందుకు రాశాడో ఆలోచిస్తే నీకు ఒక పేజీ రాయడానికి సరిపోతుంది.

మూడో పేజీలో హాస్టల్ మెస్ వచ్చింది. "ఆ నీళ్ళ సూపు చదివితే మా నీళ్ళ సాంబారు గుర్తొచ్చింది" అట! తల్లీ, అది కొట్టెయ్. అదే పేజీ కింద, ఆ రాత్రి ప్లేటులో వదిలేసిన చపాతీని డస్ట్‌బిన్‌లో వేయబోయి చాలాసేపు పట్టుకుని నిలబడ్డానని రాశావు చూడు, అది ఉంచు. మొదటిది వాళ్ళ ఆకలిని నీ సాంబారుతో కొలవడం. రెండోది నీ చేతికి ఏం జరిగిందో చెప్పడం.

"మా ఇంట్లో హిట్లర్ మా నాన్నే" అని చిన్నప్పటి నుంచీ అంటున్నాననీ, ఇప్పుడు ఆ మాట నోట్లో అడ్డం పడుతోందనీ రాసిన రెండు లైన్లూ నాకు బాగా నచ్చాయి. ఆ పేరు మనకు సినిమా టైటిల్ కూడా. క్లాసు లీడర్‌ని, అత్తగారిని, ఆఫీసులో బాసుని అలా పిలిచి నవ్వుకుంటాం. నేనూ అన్నాను, స్టాఫ్‌రూమ్‌లో, ప్రిన్సిపాల్‌ని. ఇంత తేలిగ్గా ఎలా అయిపోయిందో నువ్వు పెంచి రాయి. ఇది మన వాళ్ళలో పుట్టిన అమ్మాయి మాత్రమే రాయగల సంగతి, మీ మేడమ్‌కు ఏ గైడులోనూ దొరకదు.

ఇక నీ ఇంటర్నెట్ గొడవ. "పుస్తకంలో తప్పులున్నాయంట, అయితే నమ్మొచ్చా?" అని అడిగావు. నువ్వు చెప్పిన తేడా నిజమే. వీజెల్ పాదానికి ఆపరేషన్ అయి, ఆష్విట్జ్‌కు చెందిన బూనా క్యాంపు ఆసుపత్రిలో ఉన్నాడు. 1945 జనవరిలో రష్యన్లు దగ్గరికి రాగానే క్యాంపు ఖాళీ చేస్తున్నారు. ఉండిపోతే రోగుల్ని చంపేస్తారేమోనని తండ్రీకొడుకులు మంచులో నడవడానికే సిద్ధపడ్డారు. ఉండిపోయినవాళ్ళను రెండు రోజులకే రష్యన్లు విడిపించారని యుద్ధం తర్వాత తెలిసిందని రాశాడు. చరిత్ర ప్రకారం ఖాళీ చేయించింది జనవరి 18న, రష్యన్లు వచ్చింది 27న. అదే ఆసుపత్రిలో స్కార్లెట్ ఫీవర్‌తో ఉండిపోయిన ఇటలీ కెమిస్టు ప్రీమో లేవీ ఆ రోజుల్ని తేదీల వారీగా తన పుస్తకంలో రాశాడు, బతికి బయటపడ్డాడు కూడా.

తొమ్మిది రోజులు రెండు రోజులెందుకయ్యాయి? నాకేమనిపిస్తుందంటే, అక్కడే ఉంటే నాన్న బతికేవాడేమో అని ఏళ్ళ తరబడి నలిగినవాడికి ఆ తొమ్మిది అలా కుంచించుకుపోయి ఉంటాయి. ఇది నా ఊహే, నువ్వు ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఆ తేడాను దాచకు. ఇలాంటి ఒక్క పోగు పట్టుకుని అసలేమీ జరగలేదని వాదించేవాళ్ళు ఉన్నారు. నువ్వే ముందు చెప్పేస్తే వాళ్ళకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంకో చిన్న మాట. ముందు తెలుగులో రాసుకో. ఇంగ్లీషులో రాస్తే నీకు తెలియకుండానే ఆ అద్దె కుర్చీలు వచ్చి కూర్చుంటాయి. తర్వాత మార్చుకోవచ్చు. ఫోన్‌లో ఆ యాప్‌ను అడిగి రాయించుకునే పని మాత్రం పెట్టుకోకు, నేను పట్టేస్తాను.

అసలు సంగతి చివరికి ఉంచాను, ఎలా చెప్పాలో తెలియక.

నాలుగో పేజీలో తండ్రి చనిపోయిన భాగం ఉంది. అంతకు ముందే మంచులో నడుస్తూ, వెనకబడ్డ ముసలి తండ్రిని వదిలించుకున్న కొడుకుని చూసి, తాను ఇక నమ్మని దేవుణ్ణే "నన్నలా చేయనివ్వకు" అని వేడుకున్నాడు ఆ కుర్రవాడు. తర్వాత బుకెన్‌వాల్డ్‌లో తండ్రి తన పేరు పెట్టి పిలుస్తుంటే దెబ్బలకు భయపడి కదల్లేదు. తెల్లారేసరికి ఆ మంచం మీద ఇంకెవరో ఉన్నారు. ఏడుపు రాలేదనీ, లోపల ఎక్కడో వెతికితే ఇక విడుదలైనట్లు అనిపించి ఉండేదేమోననీ తనే రాసుకున్నాడు. ఎవరూ చూడని సంగతి, రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

నువ్వు ఆ భాగం కింద "కొడుకు పరిస్థితి చాలా దయనీయం" అని రాశావు. దాని పైన ఒక వాక్యం కొట్టేశావు. ఒకసారి కాదు, నాలుగైదు గీతలు పెట్టి. ఫొటో పెద్దది చేసి చూశాను, ఏమనుకోకు. "నాయనమ్మ పోయినప్పుడు నాకూ" వరకు కనిపించింది.

నాన్న చదువుతాడని, నేను చదువుతానని కొట్టేసి ఉంటావు. పదకొండు నెలలు మా అమ్మ, మీ నాయనమ్మ, మంచం మీద ఉంది. నీ ఇంటర్ పరీక్షలు ఆ గది పక్కనే రాశావు, రాత్రిళ్ళు లేచి పక్క మార్చావు. ఆ తెల్లవారుజామున ఆక్సిజన్ మిషన్ మోత ఆగిపోయాక నేను చేసిన మొదటి పని ఏమిటో తెలుసా, వంటింట్లో చాప వేసుకుని పడుకున్నాను. నిద్ర పట్టింది కూడా. మీ నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రెండు చావులూ ఒకటని రాయకు. మా అమ్మ తన ఇంట్లో, తన దుప్పటి కింద, మనందరి మధ్య పోయింది. వీజెల్ తండ్రిని చంపారు. ఆ తేడా ఒక్క వాక్యంలో చెప్పి, తర్వాత నీ వాక్యం రాయి. నాన్న సంగతి నేను చూసుకుంటాను.

గీతల కింద చివరి రెండు మాటలు ఎంత చూసినా కనబడలేదు. అవి విడిగా రాసి పంపు, నాకొక్కదానికే పంపినా సరే.

మీ అత్తయ్య