వన్స్‌మోర్ అనని రాత్రి

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

అమ్మా, ఫార్ములా వన్ కారు రేసుల షూమాకర్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతిలో బాగా ఒదుగుతోంది. కానీ రెండో పేజీలో "సింహం ముసలిదైపోయింది" అన్నావు చూడు, అక్కడ మనసు చివుక్కుమంది. ముందు ఆ మాట కొట్టెయ్. అది నువ్వు చూసింది కాదు, ఎవరో అంటే విన్నది.

ఏడు టైటిళ్లు, 91 గెలుపులతో 2006లో తప్పుకున్న మనిషి 41వ ఏట, 2010లో మెర్సిడెస్ కారెక్కాడు. మూడేళ్లలో ఒక్క గెలుపు లేదు. మొదటి ముగ్గురూ నిలబడే పోడియం ఎక్కింది ఒక్కసారే, 2012లో వాలెన్సియాలో, మూడోవాడిగా. లెక్కలన్నీ సరిగ్గానే రాశావు. కారణం దగ్గరకొచ్చేసరికి మాత్రం వయసు అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వయసు ఉంది, కాదనను. అదే కారుతో 2010లో జట్టులో తోటి డ్రైవర్ రోస్‌బర్గ్ 142 పాయింట్లు తెస్తే ఈయన తెచ్చింది 72. అది దాచకు. కానీ ఆయన లేని మూడేళ్లలో టైర్లు మారాయి, రేసు మధ్యలో పెట్రోలు పోయడం పోయింది, సీజన్ మధ్యలో టెస్టింగ్‌కి అడ్డుకట్ట పడింది. పాత జట్టు ఫెరారీ సొంత ట్రాక్ మీద రోజుల తరబడి తిరిగి కారుని తనకు అలవాటు చేసుకున్న మనిషికి ఆ చివరిది ఎంత దెబ్బో ఆలోచించు. 2012లో మొనాకోలో, రేసుకి ముందు బయల్దేరే వరస తేల్చే క్వాలిఫైయింగ్‌లో అందరికంటే వేగంగా తిరిగింది ఈయనే. అంతకుముందు రేసులో చేసిన తప్పుకి పడ్డ పెనాల్టీతో ఆరో స్థానం నుంచి బయల్దేరాల్సి వచ్చింది. ఆ ఒక్క ల్యాప్‌కి నీ వ్యాసంలో చోటే లేదు.

నేనూ ఈ తప్పు చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మా ఊళ్లో పద్యనాటకాలాడే పెద్దాయన ఒకరు పదేళ్ల తర్వాత మళ్లీ ముఖానికి రంగు వేసుకున్నారు. ఎప్పుడూ నాలుగు శ్రుతిలో పాడే మనిషి. ఆ రాత్రి హార్మోనిస్టు అడక్కుండానే మూడున్నరకి దించి పట్టాడు. ఆయన పద్యం ఎత్తుకోబోతూ ఆగి, ఒక్క క్షణం హార్మోనియం వైపు చూశారు. తర్వాత ఆ శ్రుతిలోనే, రాగం సాగదీయకుండా, మాట మాటా విడమరిచి పాడారు. వన్స్‌మోర్ అని ఒక్కరూ అరవలేదు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. "గొంతు పోయింది" అని రాసి పత్రికకి పంపాను, అచ్చయింది. ఆ చూపు గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆయన పోయాక కూడా అది నన్ను వదల్లేదు.

2013లో మంచు మీద స్కీయింగ్‌లో షూమాకర్‌కి జరిగిన ప్రమాదాన్ని చివర్లో తెచ్చావు. కన్నీళ్ల కోసం దాన్ని వాడకమ్మా, తీసెయ్.

నీ కథ 2012 నవంబరు 25న ఉంది, బ్రెజిల్‌లో. అదే ఆయన ఆఖరి రేసు. ముందు ఆయన, వెనక కుర్ర డ్రైవర్ వెటెల్. టైటిల్ కోసం వెటెల్‌కి ప్రతి పాయింటూ అవసరం. చిన్నప్పుడు కార్టింగ్‌లో ఈయన చేతుల మీదుగా కప్పు అందుకున్న పిల్లాడే అతను. షూమాకర్ పోరాడకుండా దారిచ్చి, ఏడోవాడిగా ముగించాడు. వెటెల్ మూడు పాయింట్ల తేడాతో ఛాంపియన్ అయ్యాడు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కణ్ణుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి.

రాశాక పంపకు, పట్టుకునిరా. శ్రీకాకుళం నుంచి ఎంతసేపు ప్రయాణం గనక. నువ్వు చదువుతుంటే వింటాను.